గొడుగు మీద తెల్లని తేదీ

రవికుమార్‌ని చంపడానికి నలభై సెకన్లు పట్టింది.

సెప్టెంబర్ తొమ్మిది, సాయంత్రం ఆరు గంటలు. వర్జీనియాలోని షాంటిలీలో ఇండియన్ గ్రోసరీ ముందున్న పార్కింగ్ లాట్. అతను సీట్ బెల్ట్ పెట్టుకునే ఉన్నాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. పిల్లల కోసం కొన్న కుల్ఫీ డబ్బా పక్క సీట్లో కరిగి కిందికి కారింది. మెడ వెనక దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. హార్ట్ ఎటాక్ అన్నారు. నలభై రెండేళ్ళే, రోజూ జిమ్‌కి వెళ్ళేవాడు కదా అని కూడా అన్నారు. ఆ చుక్క గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఐదు వారాల తరువాత, అక్టోబర్ పదమూడున, అదే షాపింగ్ సెంటర్‌లో చివరనున్న ఫ్రేముల షాపులోకి ఒక కుర్రాడు వచ్చాడు. చంకలో బ్రౌన్ పేపర్ చుట్టిన పటం. కౌంటర్ వెనక గిరిజ ఎవరిదో డిగ్రీ సర్టిఫికెట్‌కి అద్దం తుడుస్తోంది.

"స్వామి ఫోటోకి గోల్డ్ ఫ్రేమ్ ఉన్నదా?"

"గోల్డ్ అయిపోయింది. టేకు ఉంది."

"టేకు ఓకే."

"షాపులో మనిద్దరమే ఉన్నాం బాబూ. ఈ తతంగం ఎందుకు?"

"ప్రోటోకాల్, ఆంటీ."

నీరజ్ వర్జీనియాలోనే పుట్టాడు. వయసు ముప్పై ఒకటి. పేరు చెప్పకూడని ఒక ఆఫీస్‌లో గిరిజకి పనులు అప్పగించే కంట్రోలర్. ఆమెకు నలభై ఎనిమిది. చదివింది ఇంటర్ వరకే. ఒక మ్యూజియం బేస్‌మెంట్‌లో ఏడేళ్ళు పాత బొమ్మలకి అట్టలు కట్టి, కాగితం గురించి తెలియాల్సిందంతా అక్కడే నేర్చుకుంది. ఆఫీస్ ఆమెను ఎంచుకున్నది ఆ చేతులు చూసి. ఎనిమిదేళ్ళ సర్వీసులో భయం అరిగిపోయింది, భయపడే అలవాటు మాత్రం మిగిలింది. కాలేజీలో ఉన్న కొడుకు ఈషాన్ రెండో రింగ్‌కి ఫోన్ ఎత్తకపోతే ఇప్పటికీ హాస్పిటళ్ళ నంబర్లు వెతుకుతుంది. వెతుకుతున్నంతసేపూ లోపల ఏమీ కదలదు.

వెనక గదిలో నీరజ్ పటం విప్పాడు.

జానెడు కాగితం మీద జపనీస్ బొమ్మ. మంచులో గొడుగు పట్టుకుని నిలబడిన స్త్రీ. ఆమె బట్టల నిండా ప్లమ్ పువ్వులు.

"చెక్క అచ్చు. రంగుకో చెక్క చెక్కి, తడి కాగితం మీద చేత్తో రుద్ది తీస్తారు," అంది గిరిజ. "ఇది సురిమోనో. షాపుల్లో అమ్మేది కాదు. కవిత్వం క్లబ్బుల వాళ్ళు డబ్బు పెట్టి, కొత్త సంవత్సరానికి స్నేహితులకి పంచుకోడానికి చేయించుకునేవాళ్ళు. పాతికో యాభయ్యో కాపీలు, అంతే. వెండి పొడి, బంగారం పొడి, మంచి కాగితం. లాభం చూసుకోని పని కాబట్టి అంత బాగా చేసేవాళ్ళు."

"రైట్. మా టార్గెట్స్ కూడా అలాంటి క్లబ్. ట్వంటీ ఫైవ్ మెంబర్స్, ట్వంటీ ఫైవ్ కాపీస్. ప్రతి సీజన్‌కి ఒక కొత్త ప్రింట్ కమిషన్ చేస్తారు. మెంబర్స్‌లో ఎక్కువమంది నిజంగా కలెక్టర్స్. ఒకడు కిల్లర్. ఎవరో తెలీదు."

ఆ క్లబ్ చాటున నడిచే దొంగల రింగ్ అమెరికన్ ఫార్మా లాబ్‌ల నుంచి సెల్ కల్చర్లు, మందుల కోసం పెంచే జీవకణాలు, దొంగిలించి విదేశానికి పంపుతోంది. ఏ దేశమో నీరజ్ చెప్పలేదు, గిరిజ అడగలేదు. కస్టమ్స్ కాగితాలు నింపిన రవికుమార్ నోరు విప్పుతానన్నాడు. వారం తిరగకుండా పోయాడు.

"సమ్మర్ ప్రింట్‌లో పెద్ద అలలు తొమ్మిది, చిన్న అలలు ఆరు," అన్నాడు నీరజ్. "తొమ్మిదో తారీకు, ఆరు గంటలు. మాకు తర్వాత తెలిసింది."

"వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. పాతరోజుల్లో అక్కడ కేలండర్ అచ్చువేసే హక్కు కొందరికే ఉండేది. అందుకని ఏ నెల పెద్దది, ఏ నెల చిన్నది అనేది బొమ్మలో దాచి పంచుకునేవాళ్ళు. చీర అంచులోనో, చేప పొలుసుల్లోనో."

"ఇందులో పెద్ద పూలు సెవెన్టీన్, చిన్నవి ఫైవ్. పదిహేడు, ఐదింటికి. వాళ్ళ టార్గెట్ సంహిత. ప్లెయిన్స్‌బరోలో సైంటిస్ట్. ట్వంటీ నైన్. పంతొమ్మిదిన గ్రాండ్ జ్యూరీ ముందు ఈ దొంగతనాల గురించి సాక్ష్యం చెప్తుంది. అక్కడే ఒక అపార్ట్‌మెంట్‌లో దాచాం. మా టీమ్ పదహారు రాత్రికి అక్కడ ఉంటుంది. అంతా సెట్. నువ్వు జస్ట్ పేపర్ అథెంటిక్ అని చెప్పు, ఆంటీ."

గిరిజ బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దం తీసి, అంచు ఎత్తబోయింది. లేవలేదు.

"దీన్ని అట్టకి అతికించారు."

"సో?"

"వేడి ప్రెస్‌లో పెట్టి, జిగురుతో. ఇస్త్రీ చేసినట్టుంది. ఇది ఎవరిచ్చారు?"

"దేదీప్య. మా బెస్ట్ ఎసెట్. ముందు రింగ్‌కి కొరియర్, ఇప్పుడు మనకి. జపనీస్ ప్రింట్స్ డీలర్. గిఫ్ట్‌లాగా నీట్‌గా ఫ్రేమ్ చేసి ఇచ్చింది."

నీరజ్ ఆ పేరు పలికిన తీరులోనే ఆమె అందగత్తె అని తెలిసిపోయింది.

"బాబూ, ఈ బొమ్మలు అమ్ముకుని బతికే మనిషి ఈ పని చెయ్యదు. వేలు కోసుకోమంటే కోసుకుంటుంది గానీ సురిమోనోని ప్రెస్‌లో పెట్టదు. వీటిలో రంగు లేకుండా ఉత్త చెక్కతో నొక్కే పని ఉంటుంది. కాగితం ఉబ్బుతుంది, అంతే. కొంగ ఈకలు, మంచు, అలా. ఇందులో గొడుగు మీద మంచు ఉంది. బల్లపరుపుగా ఉంది. ఉబ్బెత్తు ఉండాల్సిన చోట చదును చేశారు."

"మీన్స్?"

"పూలలో తేదీ మీకు చూపించడానికి. అసలుది మంచులో ఉంది. మీరు పాత కోడ్ కనిపెట్టారని ఆమె వాళ్ళకి చెప్పింది."

"ఆంటీ, జిగురు ఎవిడెన్స్ కాదు. ఒక ఫ్రేమ్ చూపించి విట్‌నెస్‌ని మూవ్ చెయ్యమంటే మా బాస్ నన్ను మూవ్ చేస్తాడు."

"ఆ పిల్ల ఉండే ఇల్లు దేదీప్యకి తెలుసా?"

"ఫోటోస్ ఐడెంటిఫై చెయ్యడానికి ఒకసారి తీసుకెళ్ళాం."

గిరిజ పటం అద్దాన్ని గోడకి ఆనించి పెట్టింది. పగిలితే గుచ్చుకుంటుందని కింద గుడ్డ వేసింది.

"ఇంకో కాపీ చూడాలి. అతికించనిది."

"రేపు రెండున్నరకి దేదీప్య ఇంట్లో వ్యూయింగ్ ఉంది. ప్రిన్స్‌టన్ దగ్గర. నిన్ను ఎలా పంపను? వాళ్ళంతా రిచ్ పీపుల్."

"టీ ఎవరు పోస్తున్నారు?"

*

ఎడిసన్ ఊరి నుంచి రావాల్సిన కేటరింగ్ ఆవిడకి అనుకోకుండా ఆ రోజు సెలవు దొరికింది. ఆమె బదులు వచ్చిన ఆంటీ నీలం కాటన్ చీర కట్టుకుంది, పైన స్వెటర్, నల్ల ఫ్రేమ్ కళ్ళద్దాలు, చెవికి వినికిడి మిషన్. కళ్ళద్దాల్లో కెమెరా. వినికిడి మిషన్‌లో షాంటిలీ నుంచి నీరజ్. గిరిజ అక్కణ్ణించి నాలుగున్నర గంటలు డ్రైవ్ చేసి వచ్చింది. దారిలో రెండు యాక్సిడెంట్లు చూసింది. రెండుసార్లూ ఆగి ఉన్న కారు రంగు ఈషాన్ కారు రంగేనా అని చూసింది.

గుమ్మంలో అందరి ఫోన్లూ ఒక వెదురు బుట్టలో పెట్టించారు. బొమ్మల గదిలో ఫోటోలు కూడదట. ఇరవై మంది దాకా ఉన్నారు, మెల్లగా మాట్లాడుతున్నారు. పడమటి గోడంతా అద్దం, దాన్నించి ఏటవాలుగా ఎండ. ఒక్కొక్కరూ బొమ్మని రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకి వంచి చూస్తున్నారు.

దేదీప్య వాళ్ళ మధ్య తిరుగుతోంది. బూడిదరంగు పట్టుచీర, ఒంటిపేట ముత్యాలు. ముప్పై అయిదు ఉండొచ్చు. ఆమె నవ్వితే ఎదుటివాళ్ళు కూడా నవ్వుతున్నారు, కారణం తెలియకుండానే.

"ఆంటీ, చట్నీ కాస్త దూరంగా పెట్టండి," అంది గిరిజతో, చూడకుండానే.

"అలాగేనమ్మా."

గిరిజ ట్రే పట్టుకుని ఒక ముసలాయన వెనక నిలబడింది. ఆయన బొమ్మని కిటికీ వైపు వంచాడు. తెల్లటి గొడుగు మీద మంచు లేచింది. ఇంతవరకూ ఉత్త కాగితమే అనిపించిన చోట, ఒక్కొక్క మంచు రేకూ తన చిన్న నీడతో విడివిడిగా నిలబడింది.

"ఆంటీ, నాకేం కనబడట్లేదు," అన్నాడు చెవిలో నీరజ్. "గొడుగు వైట్‌గా ఉంది. జస్ట్ వైట్."

కెమెరాకి ఆ నీడలు అందలేదు. లెక్కపెట్టేలోపు ముసలాయన బొమ్మని బల్ల మీద పెట్టి, పక్కనే సమోసా ప్లేటు పెట్టాడు. ప్లేటు అంచు నుంచి నూనె మెరుస్తూ జారుతోంది.

గిరిజ ఆలోచించలేదు. ట్రే దింపి, చేతులు చీరకి తుడుచుకుని, బొమ్మని ఎదురెదురు మూలల్లో వేలికొసలతో పట్టుకుని, మధ్యలో కాస్త వంగేలా ఎత్తింది. ఎండలోకి తిప్పింది. పెద్ద రేకులు పధ్నాలుగు. చిన్నవి నాలుగు.

ఈ రోజే పధ్నాలుగు. గోడ మీద గడియారంలో మూడూ ఇరవై ఎనిమిది.

బొమ్మని ట్రే మీద పరిచిన తెల్లకాగితం కిందికి జార్చి, పైన ఖాళీ కప్పులు పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. సింక్ నిండా సబ్బునీళ్ళు ఉన్నాయి. కుళాయి తిప్పింది.

"ఈ రోజే. నాలుగింటికి," అంది నీళ్ళ చప్పుడులో.

"వాట్? ఆంటీ, ఆర్ యూ ష్యూర్? టీమ్ ఇంకా డీసీలో ఉంది! సంహిత ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది, మా రూలే అది..."

"పోలీసులకి చెప్పు. నేను బయలుదేరుతున్నా."

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

దేదీప్య తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడింది. చేతిలో పెన్నులాంటిది. మూత లేదు. కొసన సూది.

"మా అబ్బాయితోనమ్మా. అన్నం తిన్నాడో లేదోనని."

"ఫోన్ బుట్టలో ఉంది కదా ఆంటీ." ఆమె నవ్వలేదు. "టీ పోసేవాళ్ళు ప్రింట్‌ని అలా పట్టుకోరు. ఎదురెదురు మూలలు, బొటనవేలు పైన ఆనకుండా. నాకు అది నేర్చుకోడానికి రెండేళ్ళు పట్టింది. మీరెక్కడ నేర్చుకున్నారు?"

"మ్యూజియంలో. నువ్వు నేర్చుకుని కూడా దాన్ని ప్రెస్‌లో ఎలా పెట్టావమ్మా?"

దేదీప్య మొహంలో మొదటిసారి ఏదో కదిలింది.

"కళ్ళు మూసుకున్నాను."

"ఆ పిల్ల విషయంలో?"

"ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు ఆంటీ. ఒక గంట చూశానంతే." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "మీరు అరవకండి. నొప్పి ఉండదు."

ఇక్కడ భయపడాలని గిరిజకి తెలుసు. గుండె కొట్టుకోవడం కోసం ఎదురు చూసింది, అవతల ఎవరో ఫోన్ ఎత్తుతారేమోనని ఎదురు చూసినట్టు. అది మామూలుగానే కొట్టుకుంటోంది. ఆమె ట్రే మీది కాగితం లాగింది. కప్పులు నేలమీద పడి పగిలాయి. చేతిలో బొమ్మ.

దేదీప్య ఆగిపోయింది. "దాన్ని కింద పెట్టండి."

"పాతికే వేయించారు కదూ? ఒకటి నువ్వే పాడుచేశావు."

"ప్లీజ్. కింద పెట్టండి."

తన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటేనని గిరిజకి తెలుసు. కెమెరాలో తెల్లదనం తప్ప ఏమీ లేదు. ఆ కాగితం పోతే తన మాట తప్ప మరేమీ మిగలదు. అయినా బొమ్మని సింక్ మీదికి చాచి వేళ్ళు వదిలేసింది.

దేదీప్య దూకింది. మనిషి మీదికి కాదు, నీళ్ళ మీదికి. పట్టు కొంగుతో సహా మోచేతుల దాకా సబ్బునీళ్ళలో ముంచి, తేలుతున్న కాగితం కిందికి రెండు అరచేతులూ పోనిచ్చింది, పసిబిడ్డని ఎత్తినట్టు. సూది పెన్ను నేల మీద దొర్లింది. గిరిజ దాన్ని చెప్పుకాలితో స్టవ్ కిందికి తన్ని, వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

*

మూడూ నలభై. కారులోని జీపీఎస్ పదహారు నిమిషాలు చూపించింది.

"పోలీస్‌కి చెప్పాను," అన్నాడు నీరజ్. "వాళ్ళు నా ఐడీ వెరిఫై చేస్తున్నారు. ఆంటీ, నా వల్లే కదా? ఇల్లు నేనే చూపించా."

"తరువాత ఏడుద్దువు గాని. ఏ బిల్డింగ్?"

"లేక్ వైపు మూడోది. థర్డ్ ఫ్లోర్. ఎవరు నాక్ చేసినా తియ్యకూడదని చెప్పాం."

"ఎవరికీ తియ్యదా?"

"ఎవరికీ... ఓ గాడ్. నిన్న తనే కాల్ చేసినప్పుడు అంది. స్మోక్ డిటెక్టర్ చెకింగ్ అని అందరి డోర్స్‌కీ నోటీస్ అంటించారట. వెడ్నెస్‌డే, నాలుగు నుంచి ఐదు. తీయనా అని అడిగింది. బిల్డింగ్ వాళ్ళే కదా, ఓకే అన్నా."

గిరిజ రెడ్ లైట్ దగ్గర పూర్తిగా ఆగింది. ఇలాంటి సమయంలోనే ఎవరో పిల్లవాడు సైకిల్‌తో అడ్డం వస్తాడని ఆమె లెక్క. ఎవరూ రాలేదు.

మూడూ యాభై ఏడుకి కాంప్లెక్స్‌లోకి తిరిగింది. మూడో బిల్డింగ్ ముందు కారు వదిలేసి పరుగెత్తింది. మెట్ల మీద బూడిదరంగు యూనిఫాం, టూల్ బ్యాగ్, టోపీ. ఆరడుగుల మనిషి. తొందర లేకుండా రెండో అంతస్తు దాటుతున్నాడు. ఆమె మోకాళ్ళకి అతన్ని అందుకోవడం అసాధ్యం. అరిచినా అతను పని ముందు పూర్తి చేసి తరువాత తిరిగి చూస్తాడు.

గోడ మీద ఎర్రటి పెట్టె కనిపించింది. ఫైర్ అలారం. లాగింది.

బిల్డింగ్ మొత్తం కెవ్వుమంది. తలుపులు తెరుచుకున్నాయి. చంకలో పిల్లలతో అమ్మలు, లాప్‌టాప్ మూయకుండానే చేత్తో పట్టుకుని హెడ్‌సెట్‌లో "వన్ మినిట్, వన్ మినిట్" అంటున్న నాన్నలు, చేతికి పిండి అంటుకున్న అమ్మమ్మలు, అందరూ మెట్ల మీదికి వచ్చి పడ్డారు. ఆ వరద మూడో అంతస్తు నుంచి సంహితని కూడా మోసుకొచ్చింది. చెప్పుల్లేవు, తల దువ్వుకోలేదు. యూనిఫాం మనిషి ఆమెను చూశాడు. ఆమె వెనకే, ఇద్దరు మనుషుల ఎడంతో, దిగడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి బ్యాగ్‌లో ఉంది.

తలుపులు తెరిపించింది తనే. ఆ పిల్లను వాడి చేతికి తనే అందించానా అని గిరిజ అనుకుంది. ఆ ఆలోచన కూడా ఎవరో చెప్పిన కబురులాగే వినిపించింది.

బయట గడ్డి మీద వంద మంది. అతను సంహితకి మూడడుగుల్లోకి వచ్చాడు. చెయ్యి బ్యాగ్‌లోంచి బయటికి వచ్చింది. వేళ్ళ మధ్య పెన్ను.

గిరిజ తన జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది.

"అదుగో మెయింటెనెన్స్ వాడు! మళ్ళీ వెళ్ళిపోతున్నాడు, పట్టుకోండి!"

మొదట తిరిగింది స్మృతి అనే ఆవిడ, రెండో అంతస్తు. నైటీ మీద దుపట్టా.

"హలో! ఎక్స్‌క్యూజ్ మీ! మూడు వారాల నుంచి రిపేర్ రిక్వెస్ట్ పెడుతున్నా, యాప్‌లో కంప్లీటెడ్ అని ఎవరు కొట్టారు? నువ్వేనా?" ఆమె అతని మోచెయ్యి పట్టేసుకుంది. "చూడు, మా సింక్ చూడు!" అంటూ పెన్ను పట్టుకున్న చేతిలోకే తన ఫోన్ కుక్కింది.

పెన్ను గడ్డిలో పడింది.

"మా హీటింగ్?" అన్నాడు ఒకాయన.

"పాప రూమ్‌లో బొద్దింకలు!"

"దొరక్క దొరక్క దొరికాడు, వదలకండి అక్కా!"

అతను వెనక్కి తగ్గాడు. వెనక ఒక అమ్మమ్మ నిలబడి ఉంది. ఇంగ్లీషు రాదు. అతని బెల్టు పట్టుకుని, "గీజరూ, గీజరూ" అంటోంది. గిరిజ నడిచి వెళ్ళి పెన్ను మీద కాలు పెట్టి నిలబడింది. నాలుగు గంటలు. నాలుగూ ఒకటి. నాలుగూ మూడుకి పోలీసు కార్లు వచ్చాయి. చేతులకి బేడీలు వేస్తుంటే అతను ఎదురు తిరగలేదు. కార్లోకి తనే ముందు ఎక్కి, తలుపు తనే దగ్గరికి లాక్కోబోయాడు.

"దేదీప్యని పట్టుకున్నారు," అన్నాడు నీరజ్ కాసేపటికి. "పారిపోలేదు ఆంటీ. కిచెన్‌లోనే ఉంది. ఆ ప్రింట్‌ని వైట్ పేపర్స్ మధ్య పెట్టి ఆరబెడుతోంది. పోలీస్ వస్తే, ఫైవ్ మినిట్స్ ఆగండి అందట."

"ఆగారా?"

"లేదు."

"పాపం," అంది గిరిజ. అలా అనాలి కాబట్టి అందో, నిజంగానే అనిపించిందో తేల్చుకోలేకపోయింది. మంచు రేకుల్లో పధ్నాలుగో పదమూడో మిగిలి ఉంటే కోర్టుకి చాలు.

సంహిత కాలిబాట మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. గిరిజ పక్కన కూర్చుంది. తన స్వెటర్ విప్పి ఆ పిల్ల పాదాల మీద కప్పింది.

"మీరెవరో నాకు తెలీదు ఆంటీ," అంది సంహిత. "కానీ ఒక్క హెల్ప్ చేస్తారా? మా అమ్మకి మాత్రం తెలియకూడదు. బోస్టన్‌లో ట్రైనింగ్‌కి వెళ్ళానని చెప్పాను. తనకి ఏ చిన్నదైనా సరే, నిద్రపోదు, అన్నం తినదు. ఫ్రీమాంట్‌లో అక్క దగ్గర ఉంది. అక్క చంపేస్తుంది నన్ను."

"చెప్పను."

"మీ ఆఫీస్ వాళ్ళు?"

"ప్రాణం పోయినా చెప్పరు."

"థాంక్స్ ఆంటీ. ఇప్పుడు ఫోన్ ఆన్ చెయ్యొచ్చా?"

"చెయ్యమ్మా."

ఆన్ చేసింది. ఫోన్ వెంటనే మోగింది. సంహిత ఆ పేరు చూసి, భయంగా గిరిజని చూసి, స్పీకర్ నొక్కింది.

"అమ్మా..."

"బోస్టన్‌లో ఉన్నదానివి ప్లెయిన్స్‌బరో వాట్సాప్ గ్రూపులో పెట్టిన వీడియోలో ఎందుకున్నావే? వెనక పోలీసులెందుకు? ఆ పొడుగువాడెవడు? చెప్పుల్లేకుండా గడ్డిలో నిలబడ్డావు, జలుబు చెయ్యదూ? ఆ పక్కన నీలం చీరావిడ ఎవరు, ఆవిడకి కూడా ఒంట్లో బాగున్నట్టు లేదు!"

కోడ్ విప్పడానికి ఆఫీస్‌కి ఐదు వారాలు పట్టింది. మూడు వేల మైళ్ళ అవతల సంహిత వాళ్ళమ్మకి మాత్రం మొత్తం కేసు విప్పడానికి పట్టింది నాలుగు నిమిషాలు.